కెప్టెన్ పక్క సీటు

ప్రియమైన చిట్టికి,

ఎన్నేళ్లుగానో కడుపులో పెట్టుకున్న మాట ఇవాళ రాస్తున్నా. నువ్వు ఏ సంగతీ నాకు చెప్పవు. మీ అమ్మ చెవిలో వేస్తావు. ఆమె కంచంతో పాటు నాకు వడ్డిస్తుంది. నేనేమన్నా పులినా?

ఇప్పుడూ అంతే. విమానాల కంపెనీ సొంత స్కూలు వద్దనుకున్నావట. ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానంతో మొదలెట్టి, ఒక్కో లైసెన్సూ తెచ్చుకుని, ఆ తర్వాత ఉద్యోగం నువ్వే వెతుక్కుంటావట. ఆ స్కూల్లో చదువు అవగానే వాళ్లే పైలట్ సీట్లో కూర్చోబెడతారని మీ అమ్మ చేత చెప్పించింది నువ్వే కదా! నేను బస్సు డిపో అంతా చాటుకున్నా. నేను నడిపిన బస్సులో నాతో తిరిగిన సోడాబుడ్డి కండక్టరు కనపడితే చాలు, "ఏం గురూ, అమ్మాయి విమానం ఎక్కిందా?" అంటాడు. తల ఎక్కడ పెట్టుకోను? దగ్గరి దారి వదిలి చుట్టుదారి ఎందుకు పట్టావు? నాకే రాయి.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

అమ్మ మీకు చెప్పింది అబద్ధం. నేనే అలా చెప్పమన్నాను. స్కూలు నేను వద్దనుకోలేదు. వాళ్లే నన్ను వద్దన్నారు.

రాతపరీక్ష, డాక్టరు పరీక్ష దాటాను. చివర్న కాక్‌పిట్ నమూనాలో, అంటే పైలట్లు విమానం నడిపే గది లాంటిదాంట్లో, కూర్చోబెట్టారు. కెప్టెన్ సీట్లో తల నెరిసిన ఒకాయన, పక్క సీట్లో నేను. దిగాల్సిన ఎత్తు కంటే కిందకి దించేస్తున్నాడు. ఎత్తు చూపించే ముల్లు నాకు కనపడుతూనే ఉంది. పెద్దాయన, ఆయనకి తెలీదా అని ఊరుకున్నాను. తెర మీదకి కొండ వచ్చేసింది. కావాలనే చేశాడట. "చేతులు బాగున్నాయమ్మా, నోరే లేదు. కెప్టెన్ తప్పు చేస్తే చెప్పలేనివాళ్లు మాకొద్దు" అన్నాడు.

కోపం తెచ్చుకోకండి నాన్నా. పిన్ని పెళ్లికి వెళ్తూ మీరు కారు ఎడమకి తిప్పినప్పుడు, కుడికి వెళ్లాలని అమ్మకీ నాకూ తెలుసు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. మనం చేరేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు.

వచ్చే ఏడాది మళ్లీ రావచ్చన్నారు. ఆ గదిలోకి మళ్లీ ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? క్లబ్బులో అయితే ఒకే గురువు, పక్కన కూర్చుని మెల్లగా నేర్పుతాడు. అందుకే అటు మొగ్గాను.

మీ చిట్టి

*

నా తల్లీ చిట్టీ,

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివా. సరిగ్గా చదివానో లేదోనని మళ్లీ మీ అమ్మతో చదివించా. కుర్చీల మాట దగ్గర ఆగిపోయింది. "నిజమేనా?" అన్నా. "ఇప్పుడా అడిగేది!" అని లేచి వెళ్లిపోయింది.

సోడాబుడ్డిని అడిగా. "నీకు చెప్పడమా! అద్దంలో నువ్వు చూసే చూపుకి ఈల కూడా మింగేసేవాణ్ణి" అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా పిల్ల పరీక్ష తప్పిందిరా, నోరు నొక్కిన పాపం నాదిరా అని అందరి ముందూ చెప్పేశా.

ఆ మలుపు దగ్గర బోర్డు నేనూ చూశా. చదివే లోపు దాటిపోయింది. నువ్వప్పటికే గడగడా చదివేదానివి. నిన్ను అడగడానికి నామోషీ వేసింది. పైగా దారంతా మీ ఇద్దరి మీదే అరిచా.

ఇక నా మాట. క్లబ్బు వద్దు. వచ్చే ఏడాది ఆ గదికే వెళ్లు, ఆ నెరిసిన తలాయన పక్కనే కూర్చో. అయితే విమానాల సంగతి నాకేం తెలుసు? నా మాట తప్పయితే తప్పని రాయి, ఎందుకు తప్పో కూడా రాయి. "మీ ఇష్టం నాన్నా" అని రాశావో, చింపి పొయ్యిలో పెడతా. శనివారం లోపు జవాబు నా చేతిలో ఉండాలి.

మీ నాన్న