తాపీ మీద సత్తయ్య కలిశాడు

రాజన్నా,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. తాపీ నదిలో తెరచాప పడవ ఎక్కాలని ఎప్పుడూ అనేవాడివి కదా, నీ బదులు నేను ఎక్కాను. పడవ కనూభాయ్‌ది. ఈమధ్యే స్నేహం కలిసింది.

మగ్దల్లా రేవు దాటాక ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. అందులో సత్తయ్య. కడోదరా షెడ్డులో మన పక్క మగ్గాలు నడిపినవాడు, పదేళ్లకు కనిపించాడు. గాలికి మాట అందడం లేదు. మగ్గాల మోతలో మనం మాట్లాడుకున్నట్టే చేతి సైగతో అడిగాడు: "రాజన్న ఏడి?"

చావుకు మన షెడ్డులో సైగ లేదు. నా చెయ్యి దానంతట అదే గ్లాసు పట్టుకున్నట్టు పెదవుల దగ్గరికి వెళ్లింది. చాయ్‌కి పోయిండని.

సత్తయ్య నవ్వాడు. తన ఛాతీ తట్టుకుని, నా పక్కనున్న ఖాళీ చోటు చూపించాడు. రోజుకు పదిసార్లు చేసుకున్న సైగే: "నిమ్మలంగ రమ్మను. అన్న మగ్గం నేను జూస్కుంట."

"దోస్త్ హై క్యా?" అన్నాడు కనూభాయ్.

"పురానా," అన్నాను.

పడవలు దూరమయ్యేదాకా సత్తయ్య చెయ్యి ఛాతీ మీదే ఉంది. నా సైగను నేను దిద్దుకోలేదు.