కెమెరాని పలకరించిన ఊరు

హైదరాబాదు

మామకు మేనకోడలు భార్గవి నమస్కారాలు.

ఫోన్ చేస్తే నా మాట నీకు వినపడదు, నీ మాట ఒకపట్టాన ఆగదు. అందుకే ఉత్తరం. యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెబుతూ, సెలవుల్లో నా జీతంతో నేను తీసే చిన్న సినిమాల సంగతి నీకు తెలుసు కదా. ఈసారి మన ఊరి వీధి మీద తీస్తున్నాను. ఆళ్ళగడ్డ బస్సు ఆగే చోటు నుంచి మన ఇంటి దాకా, జనం ఎలా ఉంటే అలాగే. నటులు ఉండరు. కెమెరాతో నేనొక్కదాన్నే వస్తాను. ఎవరికీ చెప్పకు. తెలిస్తే మామూలుగా ఉండరు.

నీ భార్గవి

తా.క.: అత్తకూ చెప్పకు. ఆమెకు చెబితే అది చెప్పడం కాదు, చాటింపు.

*

మన ఊరు

చిరంజీవి భార్గవికి మద్దిలేటి మామ దీవెనలు.

నువ్వన్నట్టే ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని మాత్రం ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. "హీరో ఎవరప్పా?" అంది ఎదురింటి కమలాక్షమ్మ. హీరో లేడు, ఫైట్లు లేవు అన్నాను. "మరేముంటాది?" అంది. మనమే ఉంటాం అన్నాను. అప్పటి నుంచి సెలూన్ వెంకటేష్‌కు ఊపిరాడటం లేదు.

నాకైతే ఛాతీ ఉప్పొంగిపోయింది. అంత పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా, భుజాన కెమెరా మోసుకుని మన వీధిని లోకానికి చూపించాలనుకునే మనిషి జిల్లాలో ఇంకెవరున్నారు?

ఇట్లు, మీ మామ

తా.క.: వీధి మామూలుగా కనపడాలని అందరం ఇళ్ళకు సున్నం కొట్టించాం. మన పాడి ఎనుము కొమ్ములకు రంగు వేయడం కూడా అయింది.

*

హైదరాబాదు

మామకు, కోపం కాస్త తగ్గాక భార్గవి చేస్తున్న నమస్కారాలు.

సున్నం పోనీ. పట్టుచీర కట్టుకుని పేడ ఎత్తిన కమలాక్షమ్మ సంగతీ పోనీ. ఆ రోజు షూటింగ్ జరిగినంతసేపూ దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి, కెమెరాలోకి చూసి, "ఎప్పుడొస్తివి? తిన్యావా?" అని అడిగితే ఎలా? నా గొంతు కూడా రికార్డవుతుందని నోరు మూసుకుని నిలబడ్డాను. ఒక్క షాటూ పనికిరాదు.

స్టార్లు లేకపోయినా మామూలు మనుషులతో మంచి సినిమా తీయొచ్చని ఇన్నేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. నెలాఖరుకు తీసి చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. చూపించలేకపోతే ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను? ఆదివారం మళ్ళీ వస్తాను. అక్కడ కెమెరా లేనట్టే నడిచిపోవడం అందరికీ నేర్పించు, నీకు పుణ్యముంటుంది.

భార్గవి

తా.క.: కెమెరాలోకి చూడనిది ఎనుము ఒక్కటే. దానికి నా కృతజ్ఞతలు చెప్పు.

*

మన ఊరు

అమ్మా భార్గవీ, మామ ఆశీస్సులు.

మూడు కర్రలు నిలబెట్టి, పైన గింజలు కొలిచే సేరు బోర్లించి, ఇదే కెమెరా అనుకోండన్నాను. జనం తల తిప్పకుండా నడవడం నేర్చారు. ఎంత బాగా నేర్చారంటే, బడి పంతులు తిమోతి సారు బస్సు కోసం ఆ కర్రల పక్కన నిలబడితే ఆయన్ను కూడా ఒక్కరూ పలకరించలేదు. ఊరు తనను వెలేసిందనుకుని పాపం ఆయన నంద్యాలకు బదిలీ అడిగాడు.

దాంతో కమలాక్షమ్మ తిరగబడింది. "ఎదురుగా మనిషి నిలబడిండంగ తిన్యావా అని అడక్కుండా పోయేదేంది? మనమేమన్నా పగోల్లమా? నాకు సినిమా వద్దు, ఏమొద్దు!" ఊరంతా ఆమె వైపే. నువ్వు ఆదివారం రావద్దు తల్లీ. పిల్లల ముందు నీ మాట పోతుందేమోనని నాకు ముద్ద దిగడం లేదు.

మీ మామ

తా.క.: తిమోతి సారును ప్రతి ఇంటికీ పిలిచి అన్నం పెట్టారు. బదిలీ మానుకున్నాడు. ఇప్పుడు అజీర్తికి మందు వాడుతున్నాడు.

*

హైదరాబాదు

మామకు పాదాభివందనాలు.

ఓడిపోయానని ఒప్పుకుందామని, చెడిపోయిన ఆ షాట్లే క్లాసులో వేశాను. సినిమా ఎలా తీయకూడదో చూడండి అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. బయటికొచ్చి చూస్తే సగం మంది వరండాలో నిలబడి ఇళ్ళకు ఫోన్లు చేస్తున్నారు.

అప్పుడు తెలిసింది మామా, సినిమా అదేనని. సున్నంతో, పట్టుచీరలతో, పలకరింపులతో సహా కూర్చాను. శనివారం నంద్యాలలో ఒక కాలేజీ హాల్లో వేస్తున్నారు. నాకు పరీక్షల డ్యూటీ, రాలేను. ఊరందరినీ తీసుకెళ్ళు.

భార్గవి

తా.క.: అందరినీ అంటే మనుషులనే. ఎనుము ఇంటి దగ్గరే ఉండనీ.

*

మన ఊరు

మా ఇంటి బంగారానికి మామ దీవెనలు.

ట్రాక్టర్లలో వెళ్ళాం. తెర మీద మనవాళ్ళు "తిన్యావా?" అన్నప్పుడల్లా హాలంతా "తిన్యాం!" అని అరిచింది. కాలేజీ లెక్చరర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇది మా పిల్ల తీసిందని అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. నువ్వు గెలిచావమ్మా.

కమలాక్షమ్మకు మాత్రం సినిమా నచ్చలేదు. లైట్లు వేయగానే లేచి, "పిల్ల యాడప్పా?" అంది. ఏ పిల్ల అన్నాను. "మన భార్గవి! మేం పలకరించింది ఆ పిల్లని గదా. ఆ మూడుకాళ్ళదాన్ని మేమెందుకు పలకరిస్తాం? పొద్దన్నుంచి ఎండలో ఒంటరిగా నిలబడి మొగం పీక్కపోయిండె. అందుకే అందరం అడిగితిమి. ఒక్కరికీ పలకకపాయె."

కెమెరాలోకి చూశారని నువ్వన్నావు, నేనూ నమ్మాను. వాళ్ళు చూసింది దాని వెనకున్న నిన్ను.

మీ మామ

తా.క.: కమలాక్షమ్మ పక్కనే కూర్చుని రాయమంటోంది: "ఇంతకీ ఆ పొద్దు తిన్యావా, లేదా?"