కంట్రోల్ రూము కుర్చీ నాకు వద్దని

విశాఖపట్నం,
మంగళవారం, ఉదయం 9 గం.

శ్రీయుత యార్డు మేనేజరు గారి సముఖమునకు,
బెల్టు విభాగం ఎలక్ట్రీషియన్ మైలపల్లి గురువులు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నన్ను కంట్రోల్ రూము కుర్చీలో కూర్చోబెట్టుచూ ఇచ్చిన ఉత్తర్వు రద్దు చేసి, నా పాత పనికి నన్ను తిరిగి పంపుట గురించి.

నేను తమ యార్డులో బొగ్గు బెల్టుల మరమ్మతు పనిలో పదహారు సంవత్సరముల నుండి ఉన్నాను. ఐ.టి.ఐ. చదవలేదు. పాత మోటార్లు విప్పి, బిగించి పని నేర్చుకున్నవాడిని. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఈ అర్జీ పొడవుగా ఉన్నచో మన్నించవలెను. ఇందులోది నా నలభై మూడేళ్ళ బతుకులో పైవారెవరికీ చెప్పనిది. ఈ దినము మధ్యాహ్నం రెండు గంటలకు, బీ షిఫ్టుతో, ఆ కుర్చీ నా పేర శాశ్వతము కానున్నది. అందుచేత దిగువ అంశములు ఆ లోపల తమ దృష్టికి తేవలసి వచ్చినది.

1. ఉత్తర్వులో "పదహారేళ్ళుగా ఒక్క పొరపాటు లేని, జాగ్రత్తపరుడైన ఉద్యోగి" అని నన్ను గూర్చి వ్రాయించినారు. పొరపాటు లేదన్నది నిజము. జాగ్రత్తపరుడనన్నది నిజము కాదు. మరమ్మతుకు దిగే ముందు ప్రతి మనిషీ తన ఫోటో ఉన్న తాళం ఆ బెల్టు స్విచ్చికి వేయవలెను. ఆ మనిషే వచ్చి తీసేవరకు బెల్టు తిరగదు. పదహారేళ్ళు జాగ్రత్తగా ఉన్నది ఆ తాళం. నేను మరచినా అది మరవదు.

2. నాకు ఏడీహెచ్‌డీ అను స్థితి ఉన్నదని సీతమ్మధారలో డాక్టరు ఫాయిజా గారు నిరుడు నిర్ధారించినారు. మనసు ఒకచోట నిలవకపోవుట దీని లక్షణము. పిల్లలకే ఉంటుందని అనుకుంటారు గాని కొందరికి పెద్దయినా పోదట. నేను రోజూ ఒక పుస్తకంలో ఆ దినము మరచినవి, పారేసినవి, సగంలో వదిలేసినవి పద్దుల వారీగా వ్రాసుకుంటాను. ఇరవై రెండు పుస్తకాలు అయినవి. నా భార్య తాయారు వాటిలో నాలుగు సంచీలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ డాక్టరు గారి వద్దకు తీసుకువెళ్ళినది. డాక్టరు గారు రెండు పేజీలు చదివి, "ఇన్నాళ్ళూ ఇది బద్ధకం అనుకున్నారా?" అని అడిగినారు. తాయారే చెప్పినది: "అందరూ అదే అన్నారమ్మా. అందరికన్నా ఎక్కువ ఈయనే అనుకున్నారు."

మందు వాడుచున్నాను. కొంత నయము. మిగతాది పద్ధతులతో నెట్టుకు వస్తున్నాను. ఉదాహరణకు, గ్యాసు కట్టుట మరవకుండా నా హెల్మెట్టును రెగ్యులేటరుకు తగిలిస్తాను. గ్యాసు మీద చెయ్యి పడకుండా హెల్మెట్టు రాదు, హెల్మెట్టు లేకుండా యార్డు గేటు దాటనివ్వరు. నా బతుకంతా ఇట్లా ఒకదానికి ఒకటి తగిలించి ఉన్నది.

3. సదరు కుర్చీలో పని ఏమనగా, చెప్పిన బెల్టు తిప్పుట, ఎనిమిది గంటలు పదకొండు తెరలు చూచుట. ఏమీ జరగకపోయినా చూచుట. మూడు దినముల శిక్షణలో నా ధ్యాస తెరల నుండి తప్పినట్లు తెలిసిన ప్రతిసారీ పుస్తకంలో గీత పెట్టితిని. మొదటి గంట ఆరు గీతలు. రెండవ గంట పందొమ్మిది. మూడవ గంటలో గీతలు లేవు. పెట్టడం మరచితిని.

5. (నాలుగవ అంశము ఒకటున్నది. ముఖ్యమైనది. స్నానం చేసేటప్పుడు గుర్తున్నది, ఇప్పుడు లేదు. వచ్చినచో క్రింద వ్రాయగలను.) ఈ ఐదవది నేను దాచినది.

శిక్షణ రెండో రోజున, బెల్టుల కింద ఊడ్చే సత్యం, ఏడో నంబరు బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తడానికి దిగినాడు. పది నిమిషాల పని గనుక ఊడ్చేవాళ్ళకు తాళం లేదు. మాటే తాళం. వాకీటాకీలో చెప్పినాడు: "ఏడు కిందకి ఎల్తన్నాను బావా. పైకొచ్చి సెప్తాను, అందాకా ముట్టుకోకు."

సరే అన్నాను. రిజిస్టరులో రాసినాను కూడా. తరువాత మూడో తెరలో బొగ్గు కుప్ప మీది టార్పాలిన్ తాడు ఊడి, గాలికి కొట్టుకుంటూ కనబడింది. ఏ ముడి వేస్తే అది ఊడదా అని ఆలోచనలో పడ్డాను. ఎంతసేపో తెలియదు. ఓడ దగ్గరి నుంచి ఫోను వచ్చింది, ఏడు తిప్పమని. సైరను మోగించి బటన్ నొక్కినాను.

రిజిస్టరు నా మోచేతి కిందే ఉన్నది. అందులోది నా చేతిరాతే.

సైరను మోగిన అర నిమిషానికి బెల్టు కదులుతుంది. సత్యం ఆ అర నిమిషంలో పొర్లి బయటపడినాడు. ఎడమ కాలి బూటును బెల్టు లాక్కుపోయింది. తెర మీద బొగ్గుతో పాటు బూటు ఒక్కటే వెళ్తూ కనిపించింది. అందులో కాలు ఉన్నదో లేదో ఆ తెరలో తెలియదయ్యా. అప్పుడు వాకీటాకీలో గొంతు వినబడింది: "బావా, నా బూటు ఏ కుప్పలో పడ్డాదో టీవీలో సూసి సెప్పు. కొత్తది."

సాయంత్రం టీ కొట్టు దగ్గర నన్ను ఆటపట్టించినాడు. "నాను సచ్చిపోతే నీ బుక్కులో యే పద్దులో రాత్తువు బావా? మరిసిపోయినవనా, పారేసినవనా?" నవ్వి, టీ తాగకుండానే గ్లాసు పెట్టేసినాడు. "ఎవులికీ సెప్పకు. నీ ఉజ్జోగం పోద్ది," అన్నాడు.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచినాను. ఏ పద్దులో రాయాలో నిజంగానే తెలియలేదు. ఆ పేజీ ఖాళీగా ఉన్నది.

6. ఆ కుర్చీ నాకు రావలెనని నా బావమరిది మోహనకృష్ణ, పాపం, చాలామందిని అడిగినాడు. వద్దంటే మండిపడినాడు. "ఏసీ గది. కూకునే పని. దానికోసం జనం కొట్టుకుంటన్నారు. నీకేటి రోగం బావా?" ఆ రోగం పేరు నోటి దాకా వచ్చింది, మింగేసినాను. పిచ్చివాడని యార్డు నుంచే పంపించివేస్తారేమోనని భయము. చెబితే నా ఉద్యోగం పోవచ్చును. చెప్పకపోతే సత్యం పోవచ్చును. పదకొండు రోజులుగా ఈ లెక్క వేస్తున్నాను. ఎన్నిసార్లు వేసినా అదే వస్తున్నది.

7. ఇదివరలో మూడు అర్జీలు వ్రాసితిని. వాటిలో ఈ ఐదవ అంశము లేదు. మొదటిది హెల్మెట్టు లోపలి పట్టీలో దొరికినది. రెండవది చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోయినది. మూడవది తమ గుమస్తా గారికి నిజముగానే అందజేసితిని. "చూస్తాం" అన్నారు. అది నిన్న కూడా ఆయన బల్ల మీది కట్టలో అట్లాగే ఉన్నది.

కావున నన్ను తాళం ఉన్న పనికి మార్పించవలెను. ఏ బెల్టు కిందికైనా, ఏ షిఫ్టుకైనా, ఎంత మురికిలోకైనా దిగుతాను. జరిగినదానికి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. ఆ కుర్చీ మాత్రం శిక్షగా కూడా వద్దు. సత్యం పైవారికి చెప్పలేదని అతని మీద చర్య తీసుకోవద్దు. అతడు దాచినది తన తప్పు కాదు, నాది.

ఇదంతా తమరు రెండు గంటల లోపల చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

ఇట్లు,
ఆ కుర్చీ తప్ప అన్నింటికీ తమ విధేయుడు,
మైలపల్లి గురువులు

జతపరచినవి: డాక్టరు సర్టిఫికెట్ ఒకటి, నా పుస్తకంలోని ఖాళీ పేజీ ఒకటి.

తా.క. (మధ్యాహ్నం 12.40, తమ ఆఫీసు వరండా): నాలుగవ అంశము గుర్తు వచ్చినది. ఊడ్చేవాళ్ళకు కూడా తాళాలు ఇవ్వాలి. పది నిమిషాల పనికైనా సరే. సత్యానికి అతని ఫోటోతో ఒక తాళం ఇప్పించండి. కుర్చీలో నేను లేకపోయినా ఎవరో ఒకరు ఉంటారు.

ఇంకొకటి. నేను ఇటు వచ్చేటప్పుడు ఏడో నంబరు బెల్టు ఆగి ఉన్నది. దాని స్విచ్చికి నా తాళం వేసి వచ్చినాను. కింద ఎవరూ లేరు, మరమ్మతు ఏమీ లేదు. చేయకూడని పని అని తెలుసు. ఈ అర్జీ కూడా గుమస్తా గారి కట్టలో ఉండిపోతుందని భయమేసింది. రెండున్నరకు ఓడ దగ్గరి నుంచి ఏడు తిప్పమని ఫోను వస్తుంది. బెల్టు తిరగదు. అప్పుడైనా తాళం మీద నా ఫోటో చూసి ఈ కవరు తెరుస్తారు.

తాళంచెవి ఇందులోనే ఉన్నది. నా జేబులో పెట్టుకుంటే పోతుంది. నేను ఎదుట లేకుండా ఆ తాళం ఎవరూ తీయకూడదు గనుక నన్ను పిలవక తప్పదు. ఈ బెంచీ మీదనే ఉంటాను. ఒకవేళ కనబడకపోతే పారిపోయానని అనుకోవద్దయ్యా. సత్యాన్ని పంపండి. నేను ఎక్కడ తప్పిపోతానో అతనికి తెలుసు.