ఎదుటి కొండ మీద నేనే

ఇత్తో అక్కా,

మేకలను తోలుకుని ఎదుటి కొండకు వెళ్తున్నాను. కిటికీ వెలుగు కంప్యూటర్ తెర మీద పడకుండా బల్లను పక్కకు తిప్పాను, మళ్లీ మార్చకు. పనిలో పడి రెప్ప వేయడం మరిచిపోతున్నావు. కళ్లు మండితే నలపకు. కూజా పక్కన గులాబీ నీళ్లలో తడిపిన గుడ్డ ఉంది, కళ్లు మూసుకుని పైన వేసుకో.

మిద్దె మీద తివాచీ నేసే రోజుల్లో వరుస వరుసకీ తలెత్తి ఈ కొండ వైపే చూసేదానివి. "ఒసే తూదా, ఆ చెవి తెగిన దొంగ మేక మళ్లీ బార్లీ చేలో దూరిందే, పరుగెత్తు!" అని అక్కడి నుంచే అరిచేదానివి. ఇప్పుడు అవే తివాచీలను తెర మీద అమ్ముతూ తల ఎత్తడమే మానేశావు.

నిన్న కొండ మీంచి నీకు చేయి ఊపాను. "ఎవరమ్మా ఆ పిల్ల?" అని అడిగావట. "నీ చెల్లెలేనే గుడ్డిదానా!" అని చెప్పానంటూ అమ్మ ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

మధ్యమధ్య లేచి మిద్దె ఎక్కు. దూరం చూస్తే కళ్లు తేలికపడతాయి. పొద్దు వాలే ముందు మళ్లీ చేయి ఊపుతాను. గుర్తు కోసం నీ ఎర్ర శాలువా కప్పుకున్నాను.

తూదా

తా.క. శాలువా తీసి మళ్లీ కొక్కేనికే తగిలించాను. అది లేకుండానే నన్ను గుర్తుపట్టాలి.