మూడోసారి నీట్

ఆదివారం రాత్రి, ఉయ్యూరు.

మనవరాలు శ్రావణికి రెండోసారి కూడా డాక్టరు సీటు రాలేదు. ఫిజిక్సే ముంచిందట.

"ఈసారి కోచింగ్ వద్దు తాతయ్యా. ఇంట్లోనే రోజూ ఫిజిక్స్ పాత పేపర్లు చేస్తా. ఇంకొక్క ఏడాది ఇవ్వు," అంది.

మా కౌలు రైతు ముందే అనేశాను: "చెరుకు తోటైనా మోళ్ళ మీద మళ్ళీ లేచే కార్శి పంట రెండుసార్లు కోశాక ఆ మోళ్ళు పీకెయ్యడమే పిల్లా!" వాడు పకపకా నవ్వాడు.

అది ఏడవలేదు. "అయితే నన్నూ పీకెయ్యి," అని గదిలోకి పోయింది. అన్నానికి రాలేదు.

మాట వెనక్కి తీసుకునే మనిషిని కాను. అయినా కోడలితో, "ఈ పూట దాని పక్కన పడుకో అమ్మాయ్," అన్నాను.

"గడియ పెట్టుకుంది మామయ్యగారూ."

తలుపు దగ్గరే మంచం వేసుకున్నాను. లోపల పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆగితే పేరు పెట్టి పిలుస్తున్నాను. కాసేపటికి ఇంకో పేజీ తిప్పుతుంది.