జాలాడి నీళ్ళు ఏ చెట్టుకు?

ఎమ్మిగనూరు

సిద్దప్ప చిన్నాయన గారికి,

మన పెరట్లో నిమ్మచెట్టును చంపింది ఎండలు కాదు, మీరు. స్నానాలు చేసిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు జాలాడి నుంచి చిన్న కాలువ గుండా దాని మొదట్లోకి పోయేవి. పెరడు నీటుగా ఉండాలని ఆ కాలువను సిమెంటుతో మూయించి, నీళ్ళన్నీ వీధి మోరీలోకి మళ్ళించారు. ఆపైన షోకు కోసం ఆదోని నర్సరీ నుంచి పామ్ మొక్కలు తెచ్చి వరసగా నాటించి, మళ్ళీ మిల్లు పనికి వెళ్ళిపోయారు. ఇప్పుడు వాటికి వీధి కొళాయి నుంచి బిందెలు మోస్తున్నది పద్మ వదిన. ఆమెకు ఆరో నెల.

అలంకారం పేరుతో ఆడవాళ్ళ శ్రమను దోచుకోవడం కాక ఇదేమిటి? పండ్ల చెట్లు తప్ప ఇంకేమీ నాటకూడదని, జామ, దానిమ్మ చాలని, మా సంఘం కరపత్రాలు చేతబట్టుకుని నేను ఇంట్లో గట్టిగానే వాదించాను. వదిన నవ్వింది.

"మీ చిన్నాయన పామ్ అంటాడు, నువ్వు జామ అంటావు. నీళ్ళు మోసేది నేను. నన్నెవురన్నా అడిగినారా అప్పా? నాకు మల్లెతీగ గావల్ల."

"మల్లెపూలు తింటావా?" అన్నాను.

"నువ్వు ఆ కరపత్రాలు తింటాండావా?" అనింది.

కరపత్రాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. కాబట్టి నీళ్ళు పోసేవాళ్ళే చెట్టును ఎంచుకోవాలని ఇప్పుడు నేనూ అంటున్నాను.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఇంటిల్లిపాదీ జాలాడి దగ్గర చేరాలి. మీరూ రావాలి. సిమెంటు పగలగొట్టడానికి గడ్డపార నేను తెస్తాను. పామ్ మొక్కలు ఉండి తీరాలనేవాళ్ళు ఎవరి బిందె వాళ్ళు తెచ్చుకోండి.

మీ అన్న కొడుకు