జడ కోసం చావబోతున్న చెల్లెలికి

వాట్‌గంజ్, కలకత్తా
9 నవంబరు 1994

చెల్లి రత్నానికి అప్ప మార్తమ్మ ప్రభువు నామంలో వ్రాయునది. ఇక్కడ మేమందరం ప్రాణాలతో ఉన్నాం. నువ్వూ, జోసెఫు మరిదీ, పెద్దపిన్నీ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. నీ విషయంలో అలా ఎంతకాలం తలచగలనో తెలియక ఈరోజే కూర్చుని వ్రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. విశాఖపట్నంలో రొమ్ము తీసేశాక ఇంజెక్షన్లు తప్పవని డాక్టరు చెప్పాడనీ, వాటితో జుట్టు రాలిపోతుందని తెలిసి వద్దని ఇంటికి వచ్చేశావనీ వ్రాశావు. జుట్టు పోయి బతికే కంటే ఉన్న రూపంతో పోతానని కూడా వ్రాసి, ఆ మాట కింద గీత గీశావు. నేను బడి ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. తప్పు జవాబు కింద గీత గీస్తే మార్కు వెయ్యను.

ఉన్న రూపంతో పోవడం ఎలా ఉంటుందో చెబుతాను. అమ్మ పోయిన రోజున నువ్వు గుమ్మంలో కూలబడి ఏడుస్తున్నావు. తల దువ్వింది నేను. బిగుసుకున్న మెడ పైకి లేవలేదు. అందుకని కనిపించే వైపు మాత్రం దువ్వి, జడ అల్లి భుజం మీదుగా ముందుకు వేశాను. వెనక వైపు చిక్కులతోనే పెట్టెలో పెట్టాం. నీకూ అంతే చేస్తారు. పైగా నీ జడలో సగం నలుపు రంగు సీసాది. మట్టిలో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకు తెలియదు.

ఇక ఇక్కడి సంగతులు. మా అబ్బాయి ప్రసాదుకు గార్డెన్ రీచ్‌లో ఓడలు బాగుచేసే పని ఎప్పటిలాగే ఉంది. రెండు గదుల ఇల్లు. కిటికీ తీస్తే రేవు వైపు నుంచి మసి వస్తుంది, మూస్తే ఊపిరాడదు. చలి ఇప్పుడే మొదలైంది. నా గుండుకు చలి ముందుగా తెలుస్తుంది, మిగతా ఒంటికి తర్వాత తెలుస్తుంది. నాకు ఇంజెక్షను వేసిన వారమంతా అన్నం ఇనుప ముక్క నాకినట్టు ఉంటుంది. అయినా తింటున్నాను. పగలంతా ఇంట్లో తెలుగులో మాట్లాడడానికి కోడలు సువార్త తప్ప ఎవరూ లేరు, సువార్త మాట్లాడేది తక్కువ, ఏడ్చేది ఎక్కువ. మనవరాలు లిల్లీ తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. అందుకే ఈ ఉత్తరం బల్ల మీద ధైర్యంగా వదిలేసి లేవగలుగుతున్నాను.

మొదటి ఇంజెక్షను తర్వాత నా జుట్టు దిండు మీదా, పప్పులోనూ కనిపించడం మొదలైంది. గొరిగెయ్యమని సువార్తతో అన్నాను.

"నాను సెయ్యలేనత్తయ్యా. మనిసి మీద బ్లేడెట్టలేను."

"రోజూ చేపకు పొలుసు తీస్తావు కదా."

"సేప సచ్చిపోయుంటాది."

"కొన్నాళ్ళు ఆగితే నేనూ అలాగే ఉంటాను. అప్పుడు తీస్తావా?"

ఆమె వంటగదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజు చేప కూడా మాడిపోయింది.

దాంతో సందు చివర గోడకు అద్దం తగిలించుకుని కూర్చునే బీహారీ మంగలి దగ్గరకు నేనే వెళ్ళాను. ఇంట్లో ఎవరు పోయారు మాయీ అని అడిగాడు. ఇంకా ఎవరూ పోలేదన్నాను. చావు ఇళ్ళ వాళ్ళకు చేసినట్టే చేశాడు. చన్నీళ్ళు చల్లి, అంతకు ముందు ఎవరికో వాడిన బ్లేడుతో, నున్నగా రావాలని వెంట్రుక వాలుకు ఎదురు గీత గీశాడు. ఆఖరికి పటిక రుద్దాడు. ఆ సాయంత్రానికి తల మంట. తర్వాత మెడ నుంచి నడినెత్తి దాకా చీము పొక్కులు. జ్వరం. నెత్తురులో బలం తగ్గిన మనిషికి చిన్న గాటు కూడా ప్రమాదమని డాక్టరు కోప్పడి, ఆ విడత ఇంజెక్షను ఆపేశాడు. మంగలి తొందర వల్ల నాకు ఒక విడత పోయింది. నువ్వు ఊరికే కూర్చుని అన్ని విడతలూ పోగొట్టుకుంటున్నావు.

పొక్కులు మానాక, డాక్టరును అడిగి, ఆయన సరే అన్న తర్వాతే నా తల నేనే గొరుక్కోవడం నేర్చుకున్నాను. నువ్వూ డాక్టరును అడగకుండా బ్లేడు ముట్టుకోకు. ఇప్పుడు వ్రాసేది శ్రద్ధగా చదువు. ఏడుపు వస్తే ఏడ్చాక చదువు.

పొడుగు జుట్టు మీద బ్లేడు పెట్టకూడదు. ముందు కత్తెరతో కురచగా తీసెయ్యాలి. స్నానం చేసిన వెంటనే గొరగాలి. స్నానం చేసే ఓపిక లేకపోతే వేడినీళ్ళలో పిండిన తువ్వాలు తలకు చుట్టుకుని, చల్లారేదాకా ఉంచు. వెంట్రుక మెత్తబడకపోతే బ్లేడు దాన్ని కొయ్యదు, పీకుతుంది. మంట అక్కడే మొదలవుతుంది. నాలుగు చుక్కలు కొబ్బరినూనె చర్మానికి పట్టించి, దాని మీద నురగ పెట్టు. బట్టల సబ్బు, కార్బాలిక్ సబ్బు పనికిరావు. పిల్లలకు వాడే సబ్బు చాలు.

బ్లేడు ప్రతిసారీ కొత్తది కావాలి. ఈ ఒక్క చోట పొదుపు చెయ్యకు. రేజరు నొక్కవద్దు. దాని బరువే దానికి చాలు. నొక్కేవాళ్ళు తొందరలో ఉన్నవాళ్ళు, మనకు తొందర లేదు. ఎడమచేత్తో చర్మం లాగి పట్టుకుని, నుదుటి నుంచి వెనక్కు, వెంట్రుక వాలిన దిక్కుకే చిన్న చిన్నగా గియ్యి. గీసిన ప్రతిసారీ నీళ్ళలో జాడించు. నడినెత్తి సుడి దగ్గర వెంట్రుకలు తిరిగి ఉంటాయి, అక్కడ రేజరు కూడా తిరగాలి. చెవి మడిచి దాని వెనక చెయ్యి. మెడ దగ్గర గడ్డం ఛాతీకి ఆనించు.

అద్దం చూసి చెయ్యకు. మొదటిసారి నేను అద్దం ముందు కూర్చుంటే వెనక వైపు చెయ్యి అనుకున్న దిక్కుకు కాకుండా ఎదురు దిక్కుకు పోయింది, రెండు గాట్లు పడ్డాయి. అద్దం తిప్పిపెట్టి, వేళ్ళతో తడుముకుంటూ చేశాను. గరుకు ఎక్కడ ఉందో కంటి కంటే వేలికి బాగా తెలుస్తుంది. ఎక్కడైనా కొంచెం గరుకు మిగిలితే వదిలెయ్యి. అద్దంలాగా రావాలని ఎదురు గీత గీస్తేనే పొక్కులు. అయ్యాక చన్నీళ్ళు పోసి, రుద్దకుండా తువ్వాలు అద్దు. పటిక, పౌడరు, అత్తరు ఏవీ వద్దు. నూనె చుక్క రాసి, పాత నూలు గుడ్డ కట్టు. మళ్ళీ గొరగడానికి ముందు చర్మానికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వు. నాకిప్పుడు ఒక్క పొక్కూ లేదు. మంగలి కంటే నేనే నున్నగా చేస్తాను.

ఇప్పుడు నీ అసలు భయం గురించి వ్రాస్తాను. నీకు భయం జుట్టు పోతుందని కాదు, మనుషులు చూస్తారని. చూస్తారు. పక్కింటి అప్పలనరసమ్మ, టెక్కలి వైపు మనిషి, మొగుడు రేవులో కూలీ, నా తల గుడ్డ జారినప్పుడు చూసి రెండు చేతులూ జోడించింది.

"తిరపతి ఎప్పుడెళ్ళొచ్చేరు టీచరమ్మా? సెప్పనేదేటి?"

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు."

"నాకాడ దాపరికమేటి. మీ గుడోళ్ళకి నాను సెప్పనులే. పెసాదం మాత్రం సిటికెడు ఎట్టండి."

చెప్పనన్నది ఎవరికి చెప్పిందో గాని, ఆదివారం నాటికి మన తెలుగు సంఘమంతటికీ తెలిసింది. సంఘపెద్ద ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, టీ తాగకుండా అడిగాడు.

"టీచరమ్మగారూ, మీరు కొండకు మొక్కు తీర్చుకున్నారని ఒక మాట తిరుగుతోంది. అది తేలేదాకా స్త్రీల కూడికలో మీరు పాఠం చెప్పకపోతే బాగుంటుంది. బల్ల కూడా..."

"బల్ల కూడా ఏమిటి?"

"ప్రభువు బల్ల దగ్గరకు రావద్దని కాదు. సంఘం ముందు ఒక మాట చెప్పేస్తే సరిపోతుంది."

సువార్త గోడ చాటు నుంచి చేతులు ఊపుతోంది, చెప్పవద్దని. ఈ జబ్బు పేరు బయటపడితే లిల్లీకి రేపు సంబంధాలు రావట. పదమూడేళ్ళ పిల్ల. నేను ఆదివారం లేచి నిలబడ్డాను. తల గుడ్డ తీశాను. నాకు రొమ్ములో క్యాన్సరు, మందుకు జుట్టు రాలింది, మిగిలింది నేనే గొరుక్కున్నాను, తిరుపతి ఇంతవరకు చూడలేదు అని చెప్పి కూర్చున్నాను. రొమ్ము అనే మాట ఆ మందిరంలో అంతకు ముందు ఎవరూ పలికి ఉండరు. మగవాళ్ళు నేల చూశారు.

మొక్కు కాదని తేలింది కనుక నన్ను బల్ల దగ్గరకు రానిచ్చారు. అయితే రొట్టె తర్వాత ద్రాక్షరసం గిన్నె నా నోటి దగ్గర నుంచి పక్కనున్న ఆమెకు వెళ్ళేసరికి ఆమె పెదవి ఆనించకుండా పైకెత్తి, తాగినట్టు నటించి, ఇచ్చేసింది. ఆ తర్వాత ఆమె కూడా అంతే. వరస చివరి దాకా నేను చూస్తూనే ఉన్నాను. అంటుకునే జబ్బు కాదని వాళ్ళకు చెప్పలేదు. చదువుకున్న ఆడవాళ్ళు, వాళ్ళకు తెలియాలి.

ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. ఇలిశ చేప పులుసు. ఆ రోజు ఇనుప రుచి కొంచెం తగ్గింది. చూశావా, నువ్వు చావడానికైనా సిద్ధపడ్డ ఆ అవమానం అంతే. మధ్యాహ్నానికి అయిపోయింది. సందులో పిల్లలు నేడా బుడీ అని, అంటే బోడి ముసలీ అని, వెనక నుంచి అరుస్తారు. నిజమే కదా అని వెనక్కి తిరగను. సువార్త నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నీ ఆపరేషను సంగతి ఇక్కడి డాక్టరుకు చెప్పాను. ఈ నెలాఖరులోగా మొదలుపెడితే చూస్తానన్నాడు. ఆ తర్వాత తీసుకువస్తే హామీ ఇవ్వనన్నాడు. విశాఖలో నీకు సిగ్గయితే ఇక్కడ చేయించుకో. ఇక్కడ నీ జడ ఎవరూ ఎరగరు.

పెద్దపిన్నికి నా వందనాలు చెప్పి, మన ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యమను. జోసెఫు మరిదికి వందనాలు. నీ పిల్లలకు దీవెనలు. ఎండు నెత్తళ్ళు కొంచెం పట్టుకురా, ఇక్కడివాటి నిండా ఇసుక. సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను. దీని కింద ఉన్నవి పనులు, వాటి తర్వాత ప్రేమ మాటలు బాగుండవు.

ఇట్లు,
నీ అప్ప మార్తమ్మ

జరగవలసినవి:

1. ఈ ఉత్తరం మరిది చేత కూడా చదివించు. దాచినా లాభం లేదు, ఆయన ఆఫీసుకు విడిగా కార్డు వేశాను.

2. విశాఖ ఆసుపత్రి కాగితాలన్నీ, కోసిన ముక్క పరీక్ష రిపోర్టుతో సహా, ఒకే సంచిలో పెట్టు.

3. పలాసలో మెయిలు బండి ఎక్కండి. ప్రసాదు హౌరా స్టేషనుకు వస్తాడు. ఆ రోజు బంద్ అయితే బస్సులు ఉండవు, వాడు నడిచి వస్తాడు, కదలకుండా అక్కడే కూర్చోండి.

4. బయలుదేరే ముందు జడ కత్తిరించు. అంత జుట్టు పాయలుగా ఊడిరావడం చూడలేవు. కత్తిరించిన జడ ఇక్కడికి తేవద్దు, పెట్టుకోవడానికి చోటు లేదు.

5. మొదటిసారి నీ తల నేను గొరుగుతాను. రెండోసారికి నువ్వే నేర్చుకోవాలి. నా జబ్బు కాలేయానికి పాకిందని మొన్న చెప్పారు. నాది ఆలస్యంగా బయటపడింది, నీది ముందుగా.

6. రానని మాత్రం ఉత్తరం వ్రాయకు. దాని తర్వాత రావలసిన ఉత్తరం మరిది వ్రాస్తాడు, అది ఒక్కటి చాలు.